సర్వర్లో ఉప్పు

న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్ మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉండే ఒక పెట్టె ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై అంటారు. దాని పేరు ప్రియదర్శిని. మాయాబజార్లో శశిరేఖ మూత తెరిస్తే అభిమన్యుడు కనపడ్డాడే, ఆ పెట్టె పేరే. 1957 లోనే మనవాళ్ళు వీడియో కాల్ చేసేశారని మా నాన్నగారు అంటుండేవారు, మాట బాగున్న రోజుల్లో.

ఈ పెట్టె చేసే పని వారానికి మూడు గంటలు. శనివారం ఇండియాలో రాత్రి ఎనిమిదింటికి తణుకు దగ్గర మా ఊళ్ళో అమ్మ, నాన్నగారు, మస్కట్‌లో మా చెల్లి కుటుంబం, ఇక్కడ మేము ముగ్గురం కలిసి ఒకే సినిమా చూస్తాం. మస్కట్‌లో అప్పుడు సాయంత్రం ఆరున్నర. మాకు ఎండాకాలంలో పొద్దున్న పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. నవంబరులో గడియారం వెనక్కి తిప్పినప్పుడల్లా "గంట ఎవడెత్తుకెళ్ళాడ్రా?" అని మా అమ్మ అడుగుతుంది. ఇప్పటికి ఆరేళ్ళ నించీ చెబుతున్నాను, ఇంకా నమ్మలేదు.

"మావాడు అమెరికాలో సర్వర్ పెట్టాడు" అని అమ్మ పక్కింటావిడకి గొప్పగా చెప్పింది. "అయ్యో, ఇంత చదివించారు, హోటల్ పెట్టాడా?" అందిట ఆవిడ. ఆవిడ తప్పేం లేదు. మా ఊళ్ళో సర్వర్ అంటే భుజమ్మీద తువ్వాలేసుకుని ఇడ్లీ తెచ్చేవాడే.

సరే, అసలు ఇదంతా ఎందుకు మొదలైందో చెప్పాలి.

మా నాన్నగారు సినిమా హాల్లో ఆపరేటర్. ముప్ఫై ఏళ్ళు ఒకే హాలు, ఒకే క్యాబిన్. చిన్నప్పుడు నాకూ చెల్లికీ ఆ క్యాబిన్ అంటే స్వర్గమూ, నరకమూ కూడా. కార్బన్ కడ్డీలు మండే వేడికి లోపల చొక్కా ఉంచుకోలేం. కడ్డీ అరుగుతుంటే జరుపుతూ ఉండాలి, ఏమరితే తెర పచ్చబడిపోతుంది, కింద నేల క్లాసు నించి ఈలలు. వెయ్యడుగుల రీలంటే పదకొండు నిమిషాలు. రెండు కలిపి చుట్టినా ఇరవై రెండే. మిషన్లు రెండు. ఒకటి ఆడుతుంటే రెండోదాన్లో తర్వాతి రీలు ఎక్కించి కాచుకుని ఉండాలి. రీలు అయిపోయే ముందు తెరమీద కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. మార్చినట్టు కిందవాళ్ళకి తెలిసిందంటే ఆపరేటర్‌కి నామోషీ. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు మార్చారో గానీ, ఎప్పుడైనా అర సెకను తెల్లతెర పడిందంటే ఆ రాత్రి ఇంట్లో అన్నం సరిగ్గా తినేవారు కాదు.

ఇంకో ముచ్చట. కొత్త సినిమాకి ఒకే ప్రింటు తెచ్చి రెండు హాళ్ళలో ఆడించడం ఉండేది. ఇక్కడ ఆట మొదలైన ముప్పావుగంటకి పక్క ఊళ్ళో మొదలు. ఇక్కడ అయిపోయిన రీళ్ళని ఒక కుర్రాడు సైకిల్ మీద పెట్టుకుని తొక్కుకుంటూ పోవాలి. సైకిల్ పంక్చరైతే ఆ ఊళ్ళో హీరో బ్రతికున్నాడో పోయాడో తెలీకుండా జనం కూర్చుని ఉంటారు. స్లైడ్లు వేసి కాలక్షేపం చేసేవారట, పళ్ళపొడీ, బట్టలకొట్టూ. ఈ రోజుల్లో తెర మధ్య గుండ్రంగా తిరిగే సున్నా కనపడితే బఫరింగ్ అంటున్నాం గానీ, నాకైతే ఆ సైకిల్ కుర్రాడే గుర్తొస్తాడు.

2006 లో ఆ హాలు మూసేశారు. ఇప్పుడది కల్యాణ మండపం. ఒకరోజు పొద్దున్న ఓనరు గారు పిలిచి క్యాబిన్ తాళం ఇచ్చెయ్యమన్నారట. ఇచ్చి ఇంటికొచ్చారు. ఆ విషయం మాకెవరికీ వారం రోజులు చెప్పలేదు. రోజూ మ్యాట్నీ వేళకి చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి, చెరువుగట్టు మీద కూర్చుని వచ్చేవారని తర్వాత తెలిసింది. నేనప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను, హైదరాబాదులో. ఫోన్లో "హాలెలా ఉంది?" అని అడిగితే "ఆడుతోంది" అన్నారు.

2019 సెప్టెంబరులో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతోపాటు మాట. మనం చెప్పేది అన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్నది మాత్రం నోట్లోంచి రాదు. ఒకటో రెండో మాటలు, అవీ ఒక్కోసారి వేరే మాటలు. నీళ్ళు అడగబోయి "తాళం" అంటారు. నేను వెళ్ళి మూడు వారాలుండి వచ్చాను. మళ్ళీ 2020 ఏప్రిల్‌కి టికెట్లు కొన్నాను. మార్చి ఆఖరుకి విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాత స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు దొరక్క, వెళ్తే తిరిగి రాగలనో లేదో తెలీక, 2022 దాకా కదల్లేదు. పరదేశంలో ఉన్నవాళ్ళకి ఈ కథ కొత్త కాదు, వదిలేద్దాం.

మాట లేని మనిషితో ఫోన్లో ఏం చేస్తారు చెప్పండి? వీడియోలో ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. "భోంచేశారా నాన్నా?" అంటే తలూపేవారు. "మందులేసుకున్నారా?" తలూపేవారు. మూడో ప్రశ్న నా దగ్గర ఉండేది కాదు. అర నిమిషం చూసి ఫోను అమ్మ చేతికిచ్చేసేవారు. ఫోను పెట్టేశాక నాకు హాయిగా అనిపించేది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

సినిమా ఆలోచన చెల్లిది. మొదట నేను వీడియో కాల్లోనే తెర చూపించబోయాను. నాలుగు బొమ్మలు ఆగి ఆగి, పాట గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు. నాన్నగారు రెండు నిమిషాలు చూసి ఎడం చేత్తో కళ్ళు మూసుకున్నారు. ఆపరేటర్ కదా, భరించలేకపోయారు. తర్వాత "ఒకటి, రెండు, మూడు, నొక్కండి" పద్ధతి. అందరి దగ్గరా ఒకే సినిమా, అందరూ ఒకేసారి నొక్కాలి. మూడు నొక్కేలోగా మస్కట్‌లో మేనల్లుడు రెండుకే నొక్కేసేవాడు. రెండు సెకన్లేగా అనుకుంటాం. కానీ పక్కన కాల్ కలిపి ఉంటుంది గదా, రేలంగి నోరు తెరవకముందే మస్కట్‌లో నవ్వు వినపడుతుంది. జోకు వినకముందే నవ్వు వినడమంత దిక్కుమాలిన అనుభవం ఇంకోటి లేదు.

అప్పుడు దొరికింది సింక్‌ప్లే. ఉచితం, పైథాన్‌లో రాసినది, ఎవరి సర్వర్ వాళ్ళే పెట్టుకోవచ్చు. దీన్లో నాకు నచ్చిన సంగతి ఏంటంటే, సర్వర్ గుండా సినిమా పోదు. సినిమా ఎవరి కంప్యూటర్లో వాళ్ళకే ఉండాలి, వీఎల్‌సీలోనో ఎంపీవీలోనో ఆడాలి. సర్వర్ అందరి దగ్గరా కబుర్లు మాత్రం పట్టుకెళ్తుంది: నేను ఇరవయ్యో నిమిషంలో ఉన్నాను, ఆడుతోంది, నేను ఆపాను, నేను తయారు. అంతే. అందుకని మా ఊరి ఇంటర్నెట్ ఎంత నీరసంగా ఉన్నా ఫరవాలేదు. మా ఇంట్లోంచి ఎగుమతి వేగం సెకనుకి పది మెగాబిట్లు. సినిమానే ఇక్కణ్ణించి పంపాలంటే రెండిళ్ళకే ఆయాసపడేది. కబుర్లకైతే చెప్పుల స్టాండు పక్కన పెట్టె ఎక్కువే.

ఎవరైనా ఒకటిన్నర సెకను మించి ముందుకు పోతే వాళ్ళ బొమ్మని నూటికి తొంభై అయిదు వంతుల వేగానికి తగ్గిస్తుంది. రెండు సెకన్ల తేడా సర్దుకోవడానికి నలభై సెకన్లు పడుతుందన్నమాట, చూసేవాడికి తెలీను కూడా తెలీదు. నాలుగు సెకన్లు దాటితే మాత్రం మొహమాటం లేదు, వెనక్కి లాగేస్తుంది. వెనకబడ్డవాళ్ళని పరిగెత్తించడం కాదు, ముందున్నవాళ్ళు నెమ్మదించాలి. ఆ లెక్క చూసి మా నాన్నగారికి చెబితే తలూపారు, బాగుందన్నట్టు.

సినిమాలు మా దగ్గరున్న డీవీడీల నించి తీసి చేసుకున్నవే. పైరసీ కాపీ అంటే మా ఇంట్లో అన్నం పుట్టదు. క్యాబిన్ తాళం పోయింది కేబుల్ టీవీలో దొంగ క్యాసెట్లు వేసినందువల్లే అని నాన్నగారి నమ్మకం. అయితే చెల్లి దగ్గరి డిస్కూ నా దగ్గరి డిస్కూ నిడివి కలవలేదు, ఏడు నిమిషాల తేడా. సింక్‌ప్లే ముందే గొడవ పెట్టింది, ఫైళ్ళు ఒకటి కావని. చూస్తే ఒకటి సెకనుకి ఇరవై నాలుగు బొమ్మల లెక్క, రెండోది ఇరవై అయిదు. చెల్లి సినిమాలో ఘటోత్కచుడు అందరికంటే ముందు పుట్టి ముందు పెరుగుతున్నాడు. చివరికి నా కాపీయే పెన్‌డ్రైవ్‌లో వేసి ఊరికీ, నెట్‌లో రాత్రంతా మస్కట్‌కీ పంపాను.

2020 అక్టోబరులో మొదటి ఆట. తర్వాతి రెండు నెలలూ అంతరాయాలే అంతరాయాలు. ఎవరు స్పేస్ బార్ నొక్కినా అందరికీ ఆగిపోతుంది. మావాడికి ఆరేళ్ళు, మేనల్లుడికి ఎనిమిది. ఒకడు ఆపితే ఒకడు వదలడం, రెండు ఖండాల మధ్య చదరంగం. దానికి సింక్‌ప్లేలో ఉపాయం ఉంది. గది మీద పెత్తనం కొందరికే ఇవ్వొచ్చు. ఒక పాస్‌వర్డ్ పుడుతుంది, రెండక్షరాలు, ఆరంకెలు. అది కొట్టినవాడు ఆపితేనే ఆగుతుంది, మిగతావాళ్ళు ఆపినా దానంతటదే మళ్ళీ ఆడేస్తుంది. ఆ పెత్తనం ఉన్నవాణ్ణి సింక్‌ప్లే ఏమంటుందో తెలుసా? ఆపరేటర్!

నేను నా పేరే పెట్టుకున్నాను, ఆ మాట కళ్ళముందున్నా తట్టనేలేదు. చెల్లే అంది, "అన్నయ్యా, ఇంట్లో ఆపరేటర్ని పెట్టుకుని నువ్వెవరు?" అని.

పక్కింటి కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, శనివారం శనివారం వచ్చి ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి, గది పేరూ పాస్‌వర్డూ కొట్టి, కీబోర్డు నాన్నగారి ఎడం చేతికింద పెట్టి వెళ్ళేవాడు. ఆ రోజు నించీ మా ఆటల తీరు మారిపోయింది. పావుతక్కువ ఎనిమిదికే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేయించుకుని కూర్చునేవారని అమ్మ చెప్పింది. పైమూల చుక్క మెరిస్తే వేలెత్తి చూపించేవారు. పాత ప్రింట్లలో అవి ఇంకా ఉన్నాయి, మీరూ చూడండి. విశ్రాంతి కార్డు పడగానే ఠక్కున ఆపేవారు. పది నిమిషాలు అంటే పదే. మావాడు పాప్‌కార్న్ కోసం లేచి వెళ్తే వాడు వచ్చేదాకా ఆపేవారు. కాల్లో చూస్తున్నారు కదా, ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో ఆయనకి తెలుసు. ఆయనా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు గానీ, మూడో ప్రశ్న వెతుక్కునే బాధ నాకు తప్పింది.

2021 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, శుక్రవారం రాత్రి నడుస్తున్న దాని మీద చెయ్యి పెట్టకూడదు. క్లయింట్లకి ఈ నీతి డబ్బులు తీసుకుని మరీ చెబుతాను. ఇంట్లో మాత్రం, నాలుగు నెలల్నించీ ఆగకుండా నడుస్తోంది, సెక్యూరిటీ అప్‌డేట్లు వేద్దాం అని పెట్టెని ఆపి మళ్ళీ వేశాను. పొద్దున్న చూస్తే పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ఆట మొదలవడానికి పది నిమిషాలుంది. కారణం వెతికే తీరిక లేక కొత్త గది చేసి, పేరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. కొత్త పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నాన్నగారికి తర్వాత పంపుదాం అనుకున్నాను. మర్చిపోయాను.

మూడు శనివారాలు. ఆ మూడూ ఆటలు భలే సాగాయి. ఎక్కడా ఆగలేదు. "ఈమధ్య నాన్నగారు కుదురుగా చూస్తున్నారు" అని మా ఆవిడతో అన్నాను కూడా.

నాలుగో వారం మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, ఈ శనివారం సినిమా వద్దురా. మీ నాన్నగారు కూర్చోనంటున్నారు."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బానే ఉంది. పోయిన వారం గడ్డం గీయించుకోలేదు. అడిగితే చేత్తో తాళం తిప్పినట్టు చూపించి, 'తీసేశారు' అన్నారు. ఎవరు తీసేశార్రా? ఏం తీసేశారు?"

నాకు ఒక్కసారిగా అర్థమై, కడుపులో ఏదో జారిపోయినట్టయింది. ఆయన విశ్రాంతి దగ్గర ఆపారు. బొమ్మ ఆగింది. క్షణంలో దానంతటదే కదిలింది. మళ్ళీ ఆపారు. మళ్ళీ కదిలింది. మూడు వారాలు. చెప్పడానికి మాట లేదు. పక్కింటి కుర్రాడు పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదని గమనించాడట గానీ, నేనే కావాలని మార్చాననుకున్నాడు, పెద్దాయన మాటిమాటికీ ఆపుతున్నారని. పైగా అదే నిజమేమో అన్నంత సందు నేను ఇచ్చాను కదా.

ఆ రాత్రి కూర్చుని కారణం వెతికాను. సింక్‌ప్లే సర్వర్ ఈ పాస్‌వర్డులని సరిచూడడానికి ఒక రహస్య పదం కలుపుతుంది. ఆ కలిపే పదాన్ని కంప్యూటర్ భాషలో సాల్ట్ అంటారు, అంటే ఉప్పే. మనం ఫలానా ఉప్పు అని చెప్పి మొదలుపెడితే ఎన్నిసార్లు ఆపి వేసినా అదే వాడుతుంది. చెప్పకపోతే మొదలెట్టినప్పుడల్లా తనకి తోచిన కొత్త ఉప్పు వేసుకుంటుంది, పాత పాస్‌వర్డులు చెల్లవు. ఇది సూచనల్లో రాసి ఉంది. నేను చదవలేదు. ఒక్క లైను చేర్చాలి, చేర్చాను. రెండు నిమిషాల పని.

మర్నాడు వీడియో కాల్ చేశాను. మా ఇళ్ళలో కొడుకు తండ్రికి క్షమాపణ చెప్పే అలవాటు లేదు, దానికి మాటలు కూడా ఎవరూ నేర్పలేదు. అందుకని ఫోను పట్టుకుని మెట్ల కిందకి దూరి, పెట్టెని చూపించి, "నాన్నగారూ, తప్పు నాదే. మీ తాళం ఎవరూ తీసుకోలేదు. దీన్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను" అన్నాను.

"సర్వర్లో ఉప్పేమిట్రా?" అంది అమ్మ వెనకనించి. "పక్కింటావిడ అన్నది నిజమేనా ఏంటి?"

నాన్నగారు నవ్వారు. ఎడమవైపు సగం మొహంతో, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. నవ్వి నవ్వి, చెయ్యి తెరకేసి చాపి "రీలు" అన్నారు. ఏ రీలు అనుకున్నారో, ఏ మాట బదులు ఆ మాట వచ్చిందో నాకు తెలీదు. "ఎక్కించాను నాన్నగారూ" అన్నాను.

ఉప్పు ఇప్పటికీ అదే. తర్వాత మెమరీ కార్డు ఒకసారి పోయింది, మా ఆవిడ వాక్యూమ్ క్లీనర్ కోసం ప్లగ్గు ఒకసారి పీకింది (ఆవిడ అది ఒప్పుకోదు), రౌటర్ రెండు మారాయి. ఉప్పుని మాత్రం కాయితం మీద రాసి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టాను. 2022 లో ఊరెళ్ళినప్పుడు నాన్నగారి పక్కనే కూర్చుని ఒక ఆట చూశాను. న్యూజెర్సీలో మావాడు, మస్కట్‌లో చెల్లి, పక్కన నాన్నగారు. అదేమిటో, పక్కనున్నా నేను తెరనే చూశాను, చుక్క వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం ఒకేసారి వేలెత్తాం.

పోయిన శనివారం గుండమ్మ కథ. ఎన్నోసారో లెక్కలేదు. సగంలో నాన్నగారు ఆపారు. పది నిమిషాలయింది. పదిహేనయింది. కాల్లో చూస్తే ఆయన తల పక్కకి వాలి ఉంది, అమ్మ నోటిమీద వేలుపెట్టి సైగ చేసింది. నిద్రపోతున్నారు. ఎడం చెయ్యి కీబోర్డు మీదే ఉంది.

"నీ దగ్గర పాస్‌వర్డ్ ఉంది కదా, మొదలెట్టరాదూ?" అంది మా ఆవిడ. మస్కట్ నించి చెల్లి, తొందరేం లేదని రాసింది.

నేను లేచి ఉప్మాకి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళాను. ఇరవై అయిదో నిమిషానికి మావాడు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు, "తాతగారు వేశారు, రా" అని.